షెబాంగ్ లైన్ కింద హాస్కెల్ పెడితే ఇన్ని గొడవలా?

లేజీమోనాడ్

మా దగ్గర ఒక బాష్ స్క్రిప్ట్ (లినక్స్ షెల్ నడిపే కమాండ్ల ఫైల్) ఉండేది. మూడొందల చిల్లర లైన్లు. రోజూ రాత్రి లాగ్ డైరెక్టరీలన్నీ తిరిగి, పాతబడిన ఫైళ్లను జిప్ చేసి, బ్యాకప్ మెషీన్‌కి పంపి, ఇక్కడ తుడిచేయడం దాని పని. ఎవరు మొదలుపెట్టారో ఎవరికీ తెలీదు. వచ్చినవాళ్లు తలా ఒక ఇఫ్ తగిలించి వెళ్లారు. పోయిన నెల కాన్ఫిగ్ ఫైల్లో ఏదో తప్పు పడి డైరెక్టరీ వేరియబుల్ ఖాళీగా వచ్చింది. ఆ తర్వాత ఆర్ఎమ్ మైనస్ ఆర్ఎఫ్, అదే అడగకుండా అన్నీ తుడిచే కమాండ్, ఎక్కడ మొదలుపెట్టి ఉంటుందో చెప్పక్కర్లేదు కదా. ఆ యూజర్‌కి పెద్దగా పర్మిషన్లు లేవు కాబట్టి బతికిపోయాం.

ఆ కోపంలో శని, ఆదివారాలు కూర్చుని మొత్తం హాస్కెల్లో, అంటే ఫంక్షన్లు కలిపి ప్రోగ్రామ్ కట్టే ఒక ఫంక్షనల్ భాషలో, తిరగరాశా. నూట ఇరవై లైన్లు. మొదటి లైన్ షెబాంగ్, అంటే ఈ ఫైల్‌ని దేనితో నడపాలో చెప్పే లైన్: అందులో ప్రోగ్రామ్‌ని వెతికి లేపే ఎన్వ్, పక్కన హాస్కెల్ సోర్స్‌ని నేరుగా నడిపే రన్‌జీహెచ్‌సీ. తర్వాత నడిపే అనుమతి ఇచ్చే సీహెచ్‌మాడ్ ప్లస్ ఎక్స్, అంతే. మామూలు స్క్రిప్ట్‌లాగే పేరు కొడితే నడుస్తోంది. భలే ముచ్చటేసింది.

ఆ ముచ్చట మూడు రోజులే. ఎంటర్ కొట్టాక సెకను దాకా ఉలుకూ పలుకూ ఉండదు. చేత్తో నడిపితే చక్కగా నడుస్తుంది, టైమ్ ప్రకారం పనులు నడిపే క్రాన్‌లో పెడితే చప్పుడే లేదు. ఇవి చాలవన్నట్టు పక్క సీటావిడ, "నువ్వు సెలవులో ఉన్న రోజు ఇది ఆగిపోతే ఎవరు చూస్తారు?" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు. మిగతా రెండింటి సంగతైనా చెప్పండి. ఫంక్షనల్ భాషల్లో స్క్రిప్టులు రాసి రోజూ నడుపుతున్నవాళ్లు ఇక్కడ ఉన్నారా, లేక నేనే మొండికేస్తున్నానా?

బాష్_బాబాయ్

స్క్రిప్ట్ పైన సెట్ మైనస్ ఈ, మైనస్ యూ, పైప్‌ఫెయిల్, అంటే తప్పు రాగానే ఆపే బాష్ ఆప్షన్లు, పెట్టి ఉంటే ఖాళీ వేరియబుల్ దగ్గరే ఆగిపోయేది. ఒక్క లైన్. దానికోసం రెండ్రోజులు పని, పైన ఒక కంపైలరు. ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకున్నట్టుంది.

కుండలీకరణం

ఆగదు బాబాయ్. మైనస్ యూ పట్టుకునేది అసలు పుట్టని వేరియబుల్‌ని. ఖాళీ విలువతో పుట్టినదాన్ని హాయిగా వదిలేస్తుంది. ఖాళీని కూడా పట్టాలంటే ఆ వేరియబుల్ వాడిన ప్రతిచోటా కోలన్, ప్రశ్నార్థకం కలిపి రాసుకోవాలి.

కమాండ్ ఫెయిలైతే ఆపాల్సిన మైనస్ ఈ కథ ఇంకా చిత్రంగా ఉంటుంది. ఒక ఫంక్షన్‌ని ఇఫ్ షరతులో పిలిచారనుకోండి, ఆ ఫంక్షన్ లోపల మైనస్ ఈ నిద్రపోతుంది. లోకల్ అని రాస్తూ అదే లైన్లో ఒక కమాండ్ అవుట్‌పుట్ నింపారనుకోండి, లోపలి కమాండ్ ఫెయిలైనా లోకల్ మాత్రం సున్నా (అంతా బాగుందని అర్థం) ఇచ్చి చేతులు దులుపుకుంటుంది. ఇవన్నీ తెలిసినవాళ్లకు బాష్ బాగానే ఉంటుంది. తెలియనివాళ్లకూ బాగానే ఉంటుంది, డిస్క్ ఖాళీ అయ్యేదాకా.

బాష్_బాబాయ్

వీటిలో చాలావరకు, స్క్రిప్టుల్లో తప్పులు పట్టే షెల్‌చెక్ చెప్పేస్తుంది. పెట్టుకుంటే పోలా.

టైప్_ఎర్రర్

షెల్‌చెక్‌ని ఏ భాషలో రాశారో తెలుసా బాబాయ్?

బాష్_బాబాయ్

తెలీదు.

టైప్_ఎర్రర్

హాస్కెల్.

బాష్_బాబాయ్

చెప్పకుండా ఉండాల్సింది.

కెర్నల్_కామయ్య

క్రాన్ సంగతి చూద్దాం. ఇందులో హాస్కెల్ తప్పేమీ లేదు.

ఫైల్లో మొదటి రెండు బైట్లు #! అయితే కెర్నల్ ఆ లైన్ చదివి, అందులో ఉన్న ప్రోగ్రామ్‌ని లేపి, మీ ఫైల్ పేరు దాని చేతికిస్తుంది. 1980లో, యూనిక్స్ రాసినవాళ్లలో ఒకడైన డెన్నిస్ రిచీ ఈ పనిని కెర్నల్లోకి తెచ్చాడు. కెర్నల్‌కి పాత్, అంటే ప్రోగ్రాములు వెతకాల్సిన డైరెక్టరీల జాబితా, ఏమిటో తెలీదు. అందుకే మనం నేరుగా రన్‌జీహెచ్‌సీ అని రాయకుండా, ఎక్కడైనా ఒకేచోట ఉండే ఎన్వ్‌ని పెట్టి దానిచేత వెతికిస్తాం. ఎన్వ్ వెతికేది పాత్‌లో. మీరు లాగిన్ అయినప్పుడు జీహెచ్‌సీని (హాస్కెల్ కంపైలర్‌ని) ఇన్‌స్టాల్ చేసే జీహెచ్‌సీఅప్ తన బిన్ డైరెక్టరీని మీ పాత్‌లో కలుపుతుంది, కాబట్టి దొరుకుతుంది. క్రాన్ మీ బాష్‌ఆర్‌సీ (షెల్ సెట్టింగుల ఫైల్) చదవదు. మామూలుగా అది ఇచ్చే పాత్‌లో సిస్టమ్ బిన్ డైరెక్టరీలు రెండే ఉంటాయి. ఎన్వ్ వెతికి, దొరక్క, 127 అనే ఎర్రర్ కోడ్‌తో వెనక్కి పోతుంది. "చప్పుడు లేదు" అన్నారు కదా, చప్పుడు అయింది. ఆ యూజర్ లోకల్ మెయిల్ బాక్స్ తెరిచి చూడండి.

క్రాన్‌ట్యాబ్ (క్రాన్ పనుల ఫైల్) పైన పాత్ లైన్ ఒకటి రాయండి, లేదా షెబాంగ్‌లో పూర్తి దారి ఇవ్వండి.

లేజీమోనాడ్

కామయ్య గారూ, పదకొండు మెయిళ్లున్నాయి. అన్నింట్లో అదే మాట, అలాంటి ఫైల్ లేదని. పాత్ రాశాక మొదలైంది, దండం మీకు. కానీ సగంలో పడిపోతోంది. ఇన్‌వాలిడ్ ఆర్గ్యుమెంట్ అంటుంది. ఒక ఫైల్ పేరులో ఆస్కీ (మామూలు ఇంగ్లీషు అక్షరాల పట్టిక) కాని అక్షరం ఉంది, సరిగ్గా దాని దగ్గరే. చేత్తో నడిపితే ఇదీ రాదు!

టైప్_ఎర్రర్

ఇది మాత్రం మన భాష వాటాలోదే. జీహెచ్‌సీ ఎన్‌కోడింగ్‌ని లొకేల్ (భాష, అక్షరాల సెట్టింగ్) నుంచి తీసుకుంటుంది. మీ టెర్మినల్లో లాంగ్ వేరియబుల్ యూటీఎఫ్-8 అంటోంది. క్రాన్‌లో అది ఉండకపోవచ్చు, అప్పుడు సీ లొకేల్, అంటే ఆస్కీ. ఆ పేరుతో ఫైల్ తెరవడం, తుడవడం బాగానే జరుగుతాయి, ఎందుకంటే అర్థంకాని బైట్లను పేరులోనే దాచి మళ్లీ యథాతథంగా వెనక్కి ఇచ్చే ఏర్పాటు ఉంది. ఆ పేరుని లాగ్‌లో ప్రింట్ చేయబోతే కూలబడుతుంది. మీరు "ఫలానా ఫైల్ తుడిచాను" అని ప్రింట్ చేస్తున్నారు కదూ?

లేజీమోనాడ్

చేస్తున్నా. అంటే తుడవడం అయిపోయాక, తుడిచానని చెప్పబోయి చచ్చిపోతోందా!

టైప్_ఎర్రర్

అవును. మెయిన్ మొదట్లోనే లొకేల్ ఎన్‌కోడింగ్‌నీ, ఫైల్‌సిస్టమ్ ఎన్‌కోడింగ్‌నీ యూటీఎఫ్-8గా సెట్ చేసేయండి. లేదా క్రాన్‌ట్యాబ్‌లో లాంగ్‌కి సీ డాట్ యూటీఎఫ్-8 ఇవ్వండి. నేనైతే రెండూ చేస్తా.

ఒంటెకాపరి

ఈ బాధలు పడలేకే నేను ఓకామ్ల్ అనే ఇంకో ఫంక్షనల్ భాషకి వచ్చాను. అక్కడ స్ట్రింగ్ అంటే బైట్ల వరస, అంతే. లొకేల్ గొడవ లేదు. షెబాంగ్‌లో ఓకామ్ల్ అని పెడితే దాని టాప్‌లెవెల్ (కోడ్‌ని అక్కడికక్కడ నడిపే ప్రోగ్రామ్) మొదటి లైన్ వదిలేసి మిగతాది నడుపుతుంది. ప్రతిసారీ బైట్‌కోడ్‌గా మార్చుకుంటుంది కానీ, ఆ మార్చడం ఎంత వేగమంటే, మీరు చెప్పిన ఆ సెకను నాకు ఎప్పుడూ తగల్లేదు. యూనిక్స్ లైబ్రరీ లోడ్ చేసే లైన్, చివర రెండు సెమికోలన్లు. బయటి లైబ్రరీలు కావాలంటే టాప్‌ఫైండ్ తెచ్చుకుని రిక్వైర్ అనడమే.

ఒక్క సంగతి ముందే చెప్తున్నా, దీనివల్ల నేను దెబ్బతిన్నాను. టాప్‌లెవెల్ ఫైల్ మొత్తాన్ని ముందు టైప్‌చెక్ చేసి అప్పుడు నడపడం అనేది ఉండదు. ఒక్కో వాక్యాన్ని చెక్ చేసి, నడిపి, తర్వాతదానికి పోతుంది. నా స్క్రిప్ట్‌లో పైన పాత డైరెక్టరీ తుడిచే లైన్ ఉంది, కింద కొత్తది పేర్చే కోడ్. కింది కోడ్‌లో టైప్ తప్పు. ఏమైందంటే, పాతది తుడిచేసి, ఆ తర్వాత తీరిగ్గా "ఇక్కడ స్ట్రింగ్ ఉంది, ఇంట్ కావాలి" అంది. టైపులున్నాయన్న ధీమాతోనే మునిగాను. అప్పటినుంచి అన్నీ ఫంక్షన్లలో పెట్టి, ఫైల్ ఆఖరి లైన్లో మాత్రమే మెయిన్‌ని పిలుస్తున్నా. ఆ లైన్ దాకా వచ్చిందంటే పైనదంతా చెక్ అయినట్టే.

కుండలీకరణం

రిఫ్‌లు (మార్చగల విలువలు), ఫర్ లూప్‌లు ఉన్నదాన్ని ఫంక్షనల్ అంటున్నారేంటి?

ఒంటెకాపరి

మీ లిస్ప్ వాళ్ల దగ్గర విలువలు మార్చే సెట్ ఆశ్చర్యార్థకం లేనట్టు!

కొత్తగా_చేరా

నాదో చిన్న డౌట్. పైథాన్ ఎందుకు కాదు?

బాష్_బాబాయ్

వచ్చిందండీ ఆ ప్రశ్న. ఇంత ఆలస్యమైందేంటా అనుకుంటున్నా.

కెర్నల్_కామయ్య

@కొత్తగా_చేరా, నవ్వుతారు గానీ అడగాల్సిన ప్రశ్నే. ఈ పనికి పైథాన్ బాగానే సరిపోతుంది, చాలా మెషీన్లలో ముందే ఉంటుంది. ఈయనకి కావాల్సింది, ఫైల్ పేరు వేరు, డైరెక్టరీ పేరు వేరు, ఖాళీ స్ట్రింగ్ వేరు అని నడవకముందే గోల చేసే మనిషి. పైథాన్‌కి ఆ మనిషిని విడిగా పెట్టుకోవాలి.

కుండలీకరణం

బాబాష్కా పేరు ఎవరూ ఎత్తలేదేం? క్లోజర్ అనే లిస్ప్ భాషని, జావా ప్రోగ్రాములు నడిపే జేవీఎమ్ మీద స్క్రిప్ట్‌గా నడిపితే లేవడానికే బోలెడు టైమ్ పడుతుంది, అది నిజం. బాబాష్కా 2019లో వచ్చింది. క్లోజర్ ఇంటర్‌ప్రిటర్‌ని గ్రాల్‌వీఎమ్ అనే టూల్‌తో నేటివ్ బైనరీగా కట్టారు. ఒక్కటే ఫైల్. మెషీన్ మీద పడేస్తే చాలు, మిల్లీసెకన్లలో లేస్తుంది. జేసన్ చదవడం, ప్రాసెస్ నడపడం, ఫైళ్లు వెతకడం లోపలే ఉన్నాయి. షెబాంగ్‌లో రెండే అక్షరాలు, బీబీ.

స్కీమ్ భాష నడిపే గైల్ కూడా వాడాను. అది మొదటిసారి నడిచినప్పుడు తనంతట తానే కంపైల్ చేసుకుని, ఇంటి డైరెక్టరీలో క్యాష్‌గా దాచుకుంటుంది. రెండోసారి నుంచి చకచకా. కానీ కంపైల్ చేస్తున్నానని ఎర్రర్ స్ట్రీమ్‌లో ఊరంతా చాటుతుంది. క్రాన్ దాన్ని మెయిల్ చేస్తుంది. మా మేనేజర్‌కి ఆ మెయిల్ వెళ్లి, "సిస్టమ్‌లో ఏదో కంపైల్ అవుతోందట, హ్యాక్ అయ్యామా?" అని ఫోన్ చేశాడు.

బీమ్_భామ

మా ఎర్లాంగ్ భాషలో ఎస్క్రిప్ట్ ఉంది. మెయిన్‌కి ఆర్గ్యుమెంట్లు లిస్టుగా వస్తాయి, రెండో లైన్లో రెండు పర్సెంట్లు, ఒక ఆశ్చర్యార్థకం పెట్టి వీఎమ్‌కి కావాల్సిన ఫ్లాగులు రాసుకోవచ్చు. పాత వెర్షన్లలో మామూలుగా ఇంటర్‌ప్రెట్ చేసేది, మోడ్ కంపైల్ అని రాస్తేనే కంపైల్ చేసి నడిపేది; కొత్తవాటిలో మామూలుగానే కంపైల్ చేస్తుంది. నడుస్తున్న ఎర్లాంగ్ నోడ్‌కి కనెక్ట్ అయి ఏదైనా అడగాలంటే దీన్ని మించింది లేదు. లాగ్ ఫైళ్లు తుడవడానికైతే నేను కూడా వాడను, నిజం చెప్పాలంటే.

ఎర్లాంగ్ వీఎమ్ మీదే నడిచే ఎలిక్సిర్ భాష వాళ్లకి 1.12 నుంచి మిక్స్ ఇన్‌స్టాల్ వచ్చింది, స్క్రిప్ట్ లోపలే లైబ్రరీల పేర్లు రాసేయొచ్చు.

లేజీమోనాడ్

షెబాంగ్‌లో ఫ్లాగ్ పెట్టడం గురించి ఎవరైనా చెప్పండి. రన్‌జీహెచ్‌సీ పక్కన వార్నింగుల ఫ్లాగ్ పెడితే మళ్లీ అలాంటి ఫైల్ లేదంటోంది.

కెర్నల్_కామయ్య

లినక్స్‌లో ఇంటర్‌ప్రిటర్ పేరు తర్వాత ఉన్నదంతా ఒకే ఆర్గ్యుమెంట్‌గా పోతుంది. మధ్యలో ఖాళీలున్నా ముక్కలు చేయదు. అంటే "రన్‌జీహెచ్‌సీ, ఖాళీ, ఫ్లాగ్" మొత్తం కలిపి ఒక ప్రోగ్రామ్ పేరనుకుని ఎన్వ్ వెతుకుతోంది. ఎన్వ్‌కి మైనస్ ఎస్ ఇస్తే అదే ముక్కలు చేసుకుంటుంది. గ్నూ కోర్‌యుటిల్స్‌లో అది 8.30 నుంచి, అంటే 2018 నుంచి ఉంది. అంతకన్నా పాత సర్వర్ ఉంటే పనిచేయదు. గైల్ వాళ్లు ఈ ఇబ్బందిని ఎప్పుడో పసిగట్టి, షెబాంగ్ చివర ఒక బ్యాక్‌స్లాష్ పెడితే మిగతా ఆర్గ్యుమెంట్లు రెండో లైన్ నుంచి చదువుకునేలా చేశారు.

పొడుగు షెబాంగ్‌లు కూడా వద్దు. పాత కెర్నళ్లలో 127 అక్షరాల దాకానే చదివేది. 5.1 నుంచి రెట్టింపు చేశారు.

రాత్రి_డ్యూటీ

ఇంతసేపు రాసేవాళ్లే మాట్లాడారు. రాత్రి మూడింటికి లేచేవాడిగా నేను మాట్లాడతా.

@లేజీమోనాడ్ పక్క సీటావిడ అడిగిందే అసలు ప్రశ్న. మీరేమో దాన్ని పక్కన పెట్టి పాత్ గురించి, లొకేల్ గురించి అడుగుతున్నారు. మా టీమ్‌లో ఒకాయన ఇలాగే హాస్కెల్లో రాసి, స్టార్టప్ నిదానంగా ఉందని కంపైల్ చేసి బైనరీ పెట్టేశాడు. తన మెషీన్‌లో కొత్త డిస్ట్రో. సర్వర్‌లో పాతది. జీలిబ్‌సీ (ప్రోగ్రాములు ఆధారపడే సిస్టమ్ లైబ్రరీ) 2.34 దొరకలేదు అని ఆగిపోయింది. సరే, ఫైల్ తెరిచి చూద్దామని వీఐ కొడితే అంతా చెత్త అక్షరాలు. సోర్స్ ఎక్కడుంది? ఆయన ల్యాప్‌టాప్‌లో. ఆయన ఎక్కడున్నాడు? ఫ్లైట్‌లో.

స్క్రిప్ట్ అని ఎందుకంటామండీ? నడుస్తున్నదీ, నేను చదువుతున్నదీ ఒకటే ఫైల్ కాబట్టి. అక్కడికక్కడ ఒక లైన్ కామెంట్ చేసి మళ్లీ పడుకోగలను కాబట్టి. లేవడానికి సెకను పడితే పడనివ్వండి. రోజుకోసారి నడిచేదానికి సెకను లెక్కేంటి?

టైప్_ఎర్రర్

సోర్స్ ల్యాప్‌టాప్‌లో ఉండటం హాస్కెల్ తప్పు కాదు కదా. గో భాషలో రాసినా అదే జరిగేది.

రాత్రి_డ్యూటీ

బాష్ రాస్తే జరిగేది కాదు.

బాష్_బాబాయ్

ఈయన్ని ఇన్నాళ్లూ ఎక్కడ దాచారు!

టైప్_ఎర్రర్

సరే, బైనరీ వద్దనుకుందాం. అప్పుడు సర్వర్‌లో జీహెచ్‌సీ ఉండాలి, అది గిగాబైట్ దాటుతుంది. ప్రొడక్షన్ మెషీన్‌లో కంపైలర్ పెట్టనిస్తారా? హాస్కెల్ బిల్డ్ టూల్స్ స్టాక్, క్యాబల్ ఇచ్చే స్క్రిప్ట్ పద్ధతుల్లో ఫైల్ పైనే కామెంట్‌లో లైబ్రరీల పేర్లు రాసేయొచ్చు, బాగుంటుంది. మొదటిసారి నడిచినప్పుడు నెట్ నుంచి దించుకుని బిల్డ్ చేస్తుంది. సర్వర్‌కి బయటి నెట్ లేకపోతే అక్కడే ఆగుతుంది. నిక్స్ అనే ప్యాకేజీ మేనేజర్ షెల్‌ని షెబాంగ్‌లో పెట్టుకునేవాళ్లకి ఈ బెడద తక్కువ, కానీ వాళ్లకి నిక్స్ బెడద ఉంటుంది.

@లేజీమోనాడ్ మీకు ఇంకో గొయ్యి ఉంది, పడకముందే చెప్తా. లాగ్ ఫైళ్లు చదవడానికి మామూలు రీడ్‌ఫైల్ వాడారా, అన్ని ఫైళ్లకీ కలిపి మ్యాప్ఎమ్‌తో?

లేజీమోనాడ్

వాడాను... ఎందుకు?

టైప్_ఎర్రర్

అది లేజీ, అంటే అవసరం వచ్చేదాకా పని వాయిదా వేస్తుంది. అన్ని ఫైళ్లనూ ముందు తెరిచి పెట్టుకుంటుంది, చదవడం తర్వాతెప్పుడో. డైరెక్టరీలో వెయ్యికి పైగా ఫైళ్లున్న రోజు "టూ మెనీ ఓపెన్ ఫైల్స్" అంటుంది, ఎందుకంటే మామూలు పరిమితి 1024. ఒకే ఫైల్‌ని చదివి దాన్నే మళ్లీ రాయబోతే "ఫైల్ ఈజ్ లాక్డ్" అంటుంది, లాక్ వేసింది కూడా మీరే. బైట్‌స్ట్రింగ్‌లోని స్ట్రిక్ట్ రీడ్‌ఫైల్‌కి మారండి. జీహెచ్‌సీతో పాటే వస్తుంది, ఏమీ దించక్కర్లేదు.

కొత్తగా_చేరా

హ్యాండిల్ పేరు లేజీమోనాడ్, పడిందీ లేజీ గొయ్యిలోనే.

ఒంటెకాపరి

ఇంతకీ హాస్కెల్లో రాయడం వల్ల మీకు ఒరిగిందేంటో చెప్పలేదు. వచ్చినవన్నీ సమస్యలే.

లేజీమోనాడ్

రెండు లాభాలున్నాయి. ప్రాసెస్ నడిపేటప్పుడు ఆర్గ్యుమెంట్లు లిస్టుగా ఇస్తా, మధ్యలో షెల్ ఉండదు. పేరులో ఖాళీ ఉన్నా, డాలర్ ఉన్నా, కొత్త లైన్ ఉన్నా అది ఒక్క ఆర్గ్యుమెంటే. కొటేషన్ల లెక్క మర్చిపోయా.

రెండోది నేను ముందు అనుకోలేదు, రాస్తుంటే వచ్చింది. ఏం చేయాలో తేల్చే ఫంక్షన్ ఒకటి, చేసేది ఇంకొకటి. మొదటిది ఫైళ్ల జాబితా, ఈరోజు తేదీ తీసుకుని పనుల జాబితా ఇస్తుంది: ఇది జిప్ చేయి, ఇది పంపు, ఇది తుడువు. అది డిస్క్‌ని ముట్టుకోదు. ముట్టుకోవాలన్నా కుదరదు, దాని టైప్‌లో ఐఓ (బయటి ప్రపంచాన్ని ముట్టే అనుమతి) లేదు. అందుకని ఆ జాబితాని ప్రింట్ చేస్తే అదే డ్రై రన్ (ఏమీ చేయకుండా ఏం చేస్తుందో చూపించడం). టెస్ట్ రాయడం కూడా తేలికే, నిజం ఫైళ్లు అక్కర్లేదు.

కుండలీకరణం

లాజిక్‌ని డేటాగా పట్టుకోవడం! మావాళ్లు ఎప్పటినుంచో చెప్తున్నది ఇదే.

బాష్_బాబాయ్

డ్రై రన్ కోసం కమాండ్ ముందు ఎకో పెడతా నేను. ఒక్క పదం.

లేజీమోనాడ్

ఎకో చూపించినప్పుడు కొటేషన్లు ఎగిరిపోతాయి బాబాయ్. రెండు పదాల ఫైల్ పేరొకటా, రెండు ఫైళ్లా అన్నది తెరమీద చూస్తే తెలీదు. నన్ను ముంచిన స్క్రిప్ట్‌లోనూ ఎకో ఉంది.

రాత్రి_డ్యూటీ

ఆ పనుల జాబితా నాకు నచ్చింది. రాత్రి లేచినవాడికి కావాల్సింది అదే: ఇప్పుడు నడిపితే ఏం చేస్తుందో ముందే కనబడాలి. కానీ ఒకటి అడుగుతా. హైఫన్‌తో మొదలయ్యే ఫైల్ పేరు వస్తే?

లేజీమోనాడ్

జీజిప్ దాన్ని ఫ్లాగ్ అనుకుంటుంది. అవును, ఇక ఫ్లాగులు లేవని చెప్పే రెండు హైఫన్లు పేరు ముందు నేనే పెట్టాలి. పెట్టలేదు. ఇప్పుడు పెడుతున్నా.

లేజీమోనాడ్

రెండు వారాల తర్వాత వచ్చాను, ఏం చేశానో చెప్దామని.

హాస్కెల్లోనే ఉంచాను. జీహెచ్‌సీతో వచ్చే లైబ్రరీలు తప్ప ఇంకేవీ లేకుండా చేశా, అందుకని సోర్స్ ఒక్కటే ఫైల్. బిల్డ్ మెషీన్‌లో సర్వర్‌కి ఉన్న డిస్ట్రోనే పెట్టి అక్కడ కంపైల్ చేస్తున్నాం, జీలిబ్‌సీ గొడవ రాకుండా. బైనరీ పక్కనే ఆ బైనరీకి సరిపోయే సోర్స్ ఫైల్ కూడా సర్వర్‌లోకి వెళ్తుంది. వెర్షన్ అడిగితే గిట్ కమిట్ చెప్తుంది. ఫ్లాగ్ ఏమీ ఇవ్వకుండా నడిపితే ఉత్త జాబితానే చూపిస్తుంది, నిజంగా చేయాలంటే అడగాలి. ఎంటర్ కొట్టగానే జవాబు వస్తోంది.

దాన్ని పిలిచేది మాత్రం పదిహేను లైన్ల షెల్ స్క్రిప్ట్. పాత్, లాంగ్, ఒకేసారి రెండు నడవకుండా చూసే ఎఫ్‌లాక్, అంతే. రాత్రిపూట ఆపాలంటే అందులో ఒక లైన్ కామెంట్ చేస్తే చాలు. @రాత్రి_డ్యూటీ, ఇది మీ కోసమే.

పక్క సీటావిడకి సోర్స్ చూపించా. తను ఆగింది టైపుల దగ్గర కాదు. గుర్తుల దగ్గర. బాణాలు, డాలర్లు, కోణాలు. "ఇవి నోటితో ఎలా చదవాలి?" అంది. సగం తీసేసి డూ బ్లాకులుగా (ఒక్కో పని ఒక్కో లైన్‌గా) రాశా. నూట ఇరవై లైన్లు నూట అరవై అయ్యాయి. నిన్న నేను లేనప్పుడు కొత్త డైరెక్టరీ ఒకటి తనే చేర్చింది, మొదటిసారి కంపైల్ కాలేదట, రెండోసారి అయిందట.

రాత్రి_డ్యూటీ

సోర్స్ పక్కనే ఉందంటే ఇంక నేను నోరెత్తను. ఈ వారానికి.

ఒంటెకాపరి

నూట అరవై లైన్లా. ఓకామ్ల్‌లో అయితే...

టైప్_ఎర్రర్

వద్దు.

బాష్_బాబాయ్

నాదీ ఒకటి చెప్తా. ఈ థ్రెడ్ చదివాక నా పాత స్క్రిప్టుల మీద షెల్‌చెక్ నడుపుదామని ఇన్‌స్టాల్ కొట్టా. నాది ఆర్చ్ లినక్స్. షెల్‌చెక్ ఒక్కటే అడిగాను, హాస్కెల్ అని మొదలయ్యే ప్యాకేజీలు వరసగా దిగుతూనే ఉన్నాయి. మొత్తానికి దొడ్డిదారిన నా మెషీన్‌లోకి వచ్చేశారు. ఇరవై రెండు వార్నింగులు వచ్చాయి, ఆర్ఎమ్ మీద మూడు. దిద్దుకుంటున్నా.